కెగాయె నేర్చుకుందాం – 4వ పాఠం: గోరంత చెక్క చీల

పోయిన పాఠంలో పాత వయొలిన్ కమానును విప్పేశాం. వెంట్రుకలు కత్తిరించాం, ఫ్రాగ్ (కమానుని చేత్తో పట్టుకునే వైపు వెంట్రుకల్ని బిగించి ఉంచే చిన్న దిమ్మ) ముందున్న ఫెరూల్‌ని, అంటే ఆ వెండి పట్టీని, మెల్లగా బయటికి లాగాం, ముత్యపుచిప్ప పలకను జరిపాం, కమాను తలకాయలోనూ ఫ్రాగ్‌లోనూ ఉన్న రెండు గుంటల్లోంచీ పాత చెక్క చీలల్ని పైకి తీశాం. ఆ చీలల్నీ, కత్తిరించిన పాత వెంట్రుకల్నీ పారేయకుండా ఉంచి ఉంటే బాగుంటుంది, ఇవాళ రెండింటితోనూ పనుంది.

మధ్యలో వచ్చి చేరినవాళ్ల కోసం ఒక్క మాట. వయొలిన్ కమానుకి పాత వెంట్రుకలు తీసి కొత్తవి కట్టడాన్ని జపాన్‌లో కెగాయె అంటారు. కె అంటే వెంట్రుక, గాయె అంటే మార్చడం. కమానుని వాళ్లు యుమి అంటారు, బాణం వేసే విల్లుకీ అదే మాట. మనం వాడే కమాను అన్న మాటకి కూడా అసలు అర్థం విల్లే కాబట్టి, నేను ఈ పని నేర్చుకున్న నగోయాలోని చిన్న వర్క్‌షాప్‌లో మొదటి రోజు ఆ పదం విన్నప్పుడు నాకు పరాయిగా అనిపించలేదు.

ఈ పాఠం మొత్తం ఒకే వస్తువు గురించి. దాన్ని కుసాబి అంటారు, చెక్క చీల. కమాను కొసన ఉండే తలకాయలో శనగగింజ పట్టేంత గుంట ఉంటుంది కదా, వెంట్రుకల ముడిని అందులో పెట్టి, పైన ఈ చీల దిగ్గొడితే (కొట్టం, నొక్కుతాం, ఆ తేడా తర్వాత చెబుతాను) నూట యాభై నుంచి రెండు వందల గుర్రపు వెంట్రుకలు అక్కడే కదలకుండా నిలబడతాయి. జిగురు ఉండదు. మేకు ఉండదు. రెండు గంటల కచేరీ అంతా, వాయించేవాళ్లు ఎంత బలంగా లాగినా, ఆ కొసను పట్టుకుని ఉండేది గోరంత చెక్క ముక్క. ఏడాది తర్వాత ఇంకొకరు వచ్చి దాన్ని తేలిగ్గా తీసి, కొత్తది పెట్టగలగాలి. గట్టిగా పట్టుకోవాలి, అడిగినప్పుడు వదిలేయాలి. నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైన విషయం ఇదే.

చాలామంది ఇక్కడే జిగురు చుక్క వేసేస్తారు. దయచేసి వేయకండి. జిగురు వేసిన చీలని తీయాలంటే గుంటని తవ్వాలి, తవ్వినప్పుడల్లా తలకాయ గోడ కాస్త పల్చబడుతుంది. మంచి పాత కమాన్లు బ్రెజిల్‌లో పెరిగే పెర్నంబుకో చెక్కతో చేసినవి, ఆ చెట్టు అంతరించిపోయే ప్రమాదంలో ఉందని 2007 నుంచి అంతర్జాతీయ వ్యాపారం మీద అదుపు పెట్టారు. మీ చేతిలో విరిగిన తలకాయ బదులు ఇంకొకటి తెచ్చుకుందామంటే అంత సులువుగా దొరకదు.

ఇక కత్తి దగ్గరికి వద్దాం.

చీల చెక్కడానికి జపాన్ వర్క్‌షాప్‌లలో కిరిదషి అనే చిన్న కత్తి వాడతారు. ఒకవైపే వాలు ఉంటుంది, రెండోవైపు చదును. కొస ఏటవాలుగా కోసినట్టు ఉంటుంది. గట్టి ఉక్కు పొరని మెత్తని ఇనుముకి కాల్చి అతికించి చేస్తారు, గట్టి ఉక్కు పదును నిలబెడుతుంది, మెత్తని ఇనుము సాన పట్టడం తేలిక చేస్తుంది. నగోయాకి ఉత్తరాన సెకి అనే ఊరుంది, కత్తులకు పేరు. కుడిచేతి వాళ్లకీ ఎడమచేతి వాళ్లకీ వేరువేరు కిరిదషిలు ఉంటాయి, కొనేటప్పుడు చూసుకోండి, ఎందుకంటే తప్పు చేతి కత్తి కొంటే చదును వైపు చెక్కకి ఆనదు, మీరెంత ప్రయత్నించినా కోత వంకరే పోతుంది. అది దొరక్కపోతే మన దగ్గర వడ్రంగులు వాడే పల్చని ఉలి కూడా పనికొస్తుంది, ఒకవైపే వాలు ఉంటే చాలు.

సాన రాయి నీటి రాయి కావాలి. వెయ్యి నంబరు రాయిని పావుగంట నీళ్లలో నానబెట్టండి. వాలు వైపుని రాయి మీద పూర్తిగా ఆనించి, వేళ్లు పదును దగ్గర పెట్టి, ముందుకూ వెనక్కూ తోయండి. కాసేపటికి చదును వైపు అంచు వెంట వేలు అడ్డంగా జరిపితే సన్నగా గరుకు తగులుతుంది, ఉక్కు అంచు వెనక్కి మడత పడిందన్నమాట. మొదటి నుంచి చివరి దాకా ఆ గరుకు తగిలేదాకా రాయి మార్చకండి. తర్వాత ఆరు వేల నంబరు రాయి మీద వాలునీ చదునునీ మార్చి మార్చి పట్టి ఆ గరుకు పోగొట్టండి. చదును వైపుని రాయి మీద నుంచి ఒక్క వెంట్రుక మందం కూడా లేపకూడదు, ఒక్కసారి లేపితే చదును పోయినట్టే.

పదును చూడటానికి చేతి మీద రోమాలు గీసి చూస్తారు కొందరు. దాని మీద నాకు నమ్మకం లేదు. మెత్తని చెక్క ముక్క తీసుకుని రేఖకి, అంటే చెక్కలో నార పోయే దారికి, అడ్డంగా, అంటే కొస మీద, పల్చటి పొర తీయండి. కోసిన చోట మెరిసిందా, కత్తి పదును ఉంది. తెల్లగా పిండి రాలినట్టు, చిన్న చిన్న గుంటలు పడినట్టు ఉందా, మళ్లీ రాయి దగ్గరికి వెళ్లండి. గట్టి చెక్క పదును తగ్గిన కత్తిని కూడా కాస్త సహిస్తుంది, మెత్తని చెక్క సహించదు, కత్తి కింద నలిగిపోతుంది. చీలలు మెత్తని చెక్కతోనే చేస్తాం కాబట్టి ఈ పరీక్ష తప్పనిసరి. మా వర్క్‌షాప్‌లో చీలలకి హోనోకి అనే చెక్క వాడేవాళ్లం. జపాన్‌లో కత్తుల ఒరలు చేసేది దానితోనే, మెత్తగా, రేఖ సమంగా ఉంటుంది. దొరకనివాళ్లు పాప్లర్ గానీ బాస్‌వుడ్ గానీ తీసుకోండి. గట్టి చెక్క వద్దు. ఎప్పుడైనా ఏదో ఒకటి నలగాల్సి వస్తే నలిగేది చీల కావాలి, తలకాయ కాదు.

చెక్క బాగా ఆరి ఉండాలి, ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కాదు. జూన్, జులై నెలల్లో నగోయాలో త్సుయు అనే వానాకాలం, గోడలు కూడా చెమ్మగా ఉంటాయి, చలికాలం వచ్చేసరికి గాలి పొడిబారిపోతుంది. చెమ్మ పట్టిన చెక్కతో వానాకాలంలో సరిగ్గా బిగిసేలా చెక్కిన చీల జనవరిలో కుంచించుకుపోయి వదులైపోతుంది. అందుకే నాకు ఈ పని నేర్పిన మాస్టారు చీలల చెక్కని ఒక గాజు సీసాలో, చెమ్మ పీల్చే పొట్లాలతో పాటు, మూత బిగించి పెట్టేవారు. విశాఖలోనో కాకినాడలోనో ఉండి ఈ పని చేసేవాళ్లు ఆ సీసా పద్ధతి తప్పకుండా పాటించాలి.

ఇప్పుడు గుంటని చూడండి. కంటితో కాదు, భూతద్దంతో. పైనుంచి చూస్తే అది దీర్ఘచతురస్రం కాదని తెలుస్తుంది, ఫ్రాగ్ వైపు వెడల్పు, ముక్కు వైపు, అంటే కమాను మొన వైపు, ఇరుకు. గోడలు నిటారుగా ఉన్నాయా, లోపలికి వాలి ఉన్నాయా అన్నది ఒక్కో కమానుకి ఒక్కో రకం. అడుగున పాత రోజిన్ (వెంట్రుకలకి రుద్దే చెట్టు బంక) ముక్కలు అంటుకుని ఉంటే చెక్క పుల్లతో తీసేయండి. ఇప్పుడు పాత చీలని పక్కన పెట్టి పోల్చండి. దాన్ని యథాతథంగా కాపీ కొట్టకండి, మీకంటే ముందు చేసినవాళ్లు తప్పు చేసి ఉండొచ్చు, అదీగాక చెక్క ఎండి చిక్కి ఉంటుంది. దాన్ని చూసి తెలుసుకోవాల్సింది ఒక్కటే, ఏ పక్కలు మెరుస్తున్నాయి అన్నది. మెరిసిన చోట గోడని రాసుకుంది.

ఇది నేను నా కమాను పాడుచేసుకుని నేర్చుకున్నాను. మూడో నెలలో చీల కాస్త పెద్దదైంది, అయినా దిగుతుందిలే అని ఇత్తడి పుల్లతో గట్టిగా నొక్కాను. టిక్ మని చిన్న చప్పుడు. తలకాయ మీది ఎముక పలక మీద వెంట్రుకంత గీత, దాని వెంటే కిందున్న చెక్కలోకి కూడా. మాస్టారు ఏమీ అనలేదు, చీల తీసి నా అరచేతిలో పెట్టి దాని రెండు పక్కల్నీ వేలితో చూపించారు. రెండూ అద్దంలా మెరుస్తున్నాయి. ముందూ వెనకా మాత్రం చెక్క రంగులోనే ఉన్నాయి. అప్పుడు అర్థమైంది. తలకాయకి పక్క గోడలు పల్చన, చెక్క రేఖ కూడా పొడవుగానే పోతుంది కాబట్టి పక్కకి ఒత్తితే రేఖ వెంట చీలుతుంది. ముందూ వెనకా చెక్క దండిగా ఉంటుంది, అక్కడ ఒత్తిడి తట్టుకుంటుంది. కాబట్టి చీల ముందు గోడకీ వెనక గోడకీ మధ్య బిగియాలి, పక్క గోడల్ని ఊరికే తాకితే చాలు.

చెక్కడం ఇలా. జానెడు పొడవు, గుంటకంటే కొంచెం వెడల్పున్న పుల్ల తీసుకోండి. చీల ఆకారాన్ని పుల్ల కొసనే చెక్కాలి, అంతా అయ్యాక చివర్లో కోయాలి, లేకపోతే శనగగింజంత ముక్కని ఎలా పట్టుకుంటారు? కుడి చేతిలో కత్తి, ఎడమచేతి బొటనవేలు కత్తి వీపు మీద. తోసేది బొటనవేలు, కుడి చెయ్యి దారి మాత్రమే చూపిస్తుంది. భుజంతో తోస్తే కత్తి ఒక్కసారిగా జారుతుంది, వేలు తెగేది అప్పుడే. ముందు పక్కలు చెక్కండి, గుంట ఆకారంలో ముక్కు వైపు ఇరుకుగా. తర్వాత గుంట అంచులకి రంగు సుద్ద కాస్త రాసి, పుల్ల కొసని గుంటలో పెట్టి, మెల్లగా తీయండి. సుద్ద అంటిన చోటే తగులుతోంది. అక్కడ మాత్రమే ఒక్క పొర తీయండి, ఉల్లిపొరకంటే పల్చగా, మళ్లీ పెట్టి చూడండి. ఇరవై సార్లు పెట్టి తీయాల్సి రావచ్చు, నాకు మొదట్లో గంట పట్టేది, మా మాస్టారికి నాలుగైదు కోతల్లో అయిపోయేది. తొందరపడి ఒక పెద్ద పొర తీస్తే ఆ పుల్ల అక్కడికి అయిపోయినట్టే, కొస కోసేసి మళ్లీ మొదలుపెట్టండి, అందుకే జానెడు పొడవు తీసుకోమన్నాను.

చీల అడుగున ముడికి చోటు వదలాలి, కాబట్టి అడుగు కొంచెం తీసేయండి. పైభాగం తలకాయ పలకతో సమంగా ఉండాలి, పైకి పొడుచుకు రాకూడదు. ముక్కు వైపు పై అంచుని మాత్రం కొంచెం గుండ్రంగా చేయాలి, ఎందుకంటే వెంట్రుకలు ముందు గోడకీ చీలకీ మధ్య నుంచి పైకొచ్చి, ఆ అంచు మీద మడత పడి, చీల మీదుగా ఫ్రాగ్ వైపు పోతాయి. అంచు పదునుగా ఉంటే ఒక్కొక్క వెంట్రుకే అక్కడ తెగుతూ వస్తుంది. ఆ మడతలోనే ఉంది కిటుకంతా: వెంట్రుకల్ని ఎంత లాగితే అవి చీలని అంత కిందికి నొక్కుతాయి. జిగురు ఎందుకు అక్కర్లేదో ఇప్పుడు తెలిసిందా?

కొత్త వెంట్రుకలు ఇప్పుడే ముట్టుకోకండి. పోయినసారి కత్తిరించిన పాత వెంట్రుకల్లో ఒక కట్ట తీసుకుని, కొస సమంగా చేసి, పట్టు దారంతో మూడు నాలుగు చుట్లు బిగించి ముడి వేయండి. ముడికి మిల్లీమీటరు పైన వెంట్రుకలు కత్తిరించి, కొస మీద రోజిన్ పొడి అద్ది, స్పిరిట్ దీపం మంటకి క్షణం చూపించండి. జుట్టు కాలిన వాసన వస్తుంది, రోజిన్ కరిగి వెంట్రుకల కొసలు చిన్న గొడుగులా విచ్చుకుంటాయి. ఆ గొడుగు ముడిలోంచి జారదు. ముడిని గుంటలో పెట్టి, వెంట్రుకల్ని ముక్కు వైపు వాల్చి పట్టుకుని, చీలని వెనకవైపు నుంచి దించి నొక్కండి. నొక్కడానికి బొటనవేలి గోరు బలం చాలాలి. సుత్తి ఎత్తాల్సి వచ్చిందంటే చీల పెద్దదని అర్థం. ఇప్పుడు వెంట్రుకల్ని మడిచి, వేళ్లకి చుట్టుకుని, వాయించేటప్పుడు ఉండే దిశలో బలంగా లాగండి. చీల కదలకూడదు. తర్వాత సన్నని పుల్లతో వెనకవైపు నుంచి ఎత్తితే ముక్కలవకుండా ఒకే ముక్కగా రావాలి. రెండు పరీక్షలూ నెగ్గితేనే అది పనికొచ్చే చీల.

నగోయాలో ఈ పనికి ఇంత పాతుకుపోయిన అలవాటు ఎక్కడినుంచి వచ్చిందంటే సుజుకి మాసాకిచి గారి నుంచి. 1859లో నగోయాలోనే పుట్టారు, షామిసెన్ వాయిద్యాలు చేసే ఇంట్లో చేయి తిరిగినవారు. 1887లో వయొలిన్ చూసి తనే ఒకటి చేశారు. తర్వాత అది ఫ్యాక్టరీ అయింది, మొదటి ప్రపంచ యుద్ధకాలానికి రోజుకి వందల వయొలిన్లు, వాటితో పాటు కమాన్లు. పిల్లలకి వయొలిన్ నేర్పే పద్ధతితో ప్రపంచానికి తెలిసిన షినిచి సుజుకి ఆయన కొడుకే. అన్ని కమాన్లు ఉన్నచోట వెంట్రుకలు మార్చే చేతులు కూడా కావాలి కదా. నేను చూసిన వర్క్‌షాప్ మాత్రం చాలా చిన్నది, ఒక కిటికీ, ఒక బల్ల, గోడకి వేలాడే తెల్ల గుర్రపు వెంట్రుకల కట్టలు.

వచ్చే పాఠం లోపల ఇరవై చీలలు చెక్కండి. ఒకే గుంటకి ఇరవై. ఒక్కోదానికి వెనక పెన్సిల్‌తో నంబరు వేసి, ఏ వైపు మెరిసిందో రాసుకోండి. పన్నెండో దాని దగ్గర మీ బొటనవేలికి విషయం అర్థం కావడం మొదలవుతుంది, నాకైతే అలాగే జరిగింది. ఖరీదైన కమాను మీద నేర్చుకోకండి, ఏ పాత విద్యార్థి కమానో తీసుకోండి.

వచ్చేసారి కొత్త వెంట్రుకలు కట్టి, తడిపి, దువ్వి, ఫ్రాగ్ వైపు రెండో ముడి వేస్తాం. వాన రోజుల్లో పొడవు ఎంత ఎక్కువ వదలాలి, పొడి రోజుల్లో ఎంత తగ్గించాలి అన్నది కూడా అప్పుడే. సన్నపళ్ల దువ్వెన, తడిగుడ్డ, పట్టు దారం సిద్ధంగా పెట్టుకోండి. ఫెరూల్‌ని మాత్రం డబ్బాలో దాచకుండా బల్ల మీద కళ్లెదురుగానే పెట్టండి, రెండో ముడి వేయకముందే దాన్ని వెంట్రుకల్లోకి ఎక్కించాలి, మర్చిపోతే ముడి కోసి మళ్లీ మొదటి నుంచి కట్టాలి.