ఫిలిప్పీన్స్‌లో చిన్న జీతంతో ఇల్లు కొనేముందు చూసుకోవలసినవి

☐ ఇంటి అప్పులిచ్చే ప్రభుత్వ పొదుపు నిధి పాగ్-ఇబిగ్ ఫండ్‌లో, ఆ అప్పుకు కావలసిన 24 నెలల చందా పడిందా? జీతంలో కోత పడినంత మాత్రాన యజమాని జమ చేసినట్టు కాదు. ఖాతా మీరే చూసుకోండి. తక్కువ పడితే మిగతాది ఒకేసారి కట్టవచ్చు.

☐ మీరు కొనే ఇళ్ల ప్రాజెక్టుకే ‘లైసెన్స్ టు సెల్’ (అమ్ముకోవడానికి ప్రభుత్వమిచ్చే అనుమతి) ఉందా? 1976 నాటి 957వ అధ్యక్ష డిక్రీ (చట్టంతో సమానమైన ఉత్తర్వు) ప్రకారం అది లేకుండా అమ్మకూడదు. ఏజెంటు చూపే రంగుల బ్రోషరు లైసెన్సు కాదు.

☐ టైటిల్ (యాజమాన్య పత్రం) నకలు రిజిస్ట్రీ ఆఫ్ డీడ్స్ అనే భూ రిజిస్ట్రేషన్ కార్యాలయం నుంచే తీసుకోండి.

☐ పని మనీలాలో, ఇల్లు పక్క రాష్ట్రాలైన కవీతేలోనో బులకాన్‌లోనో అయితే ముందు ఒక పనిరోజు, తెల్లవారుజామునే అక్కణ్ణుంచి బయల్దేరి చూడండి. జీప్నీ, బస్సు ఛార్జీలను నెల వాయిదాకు కలపండి. చవక ఇల్లు చాలామందికి బరువయ్యేది ఇక్కడే, బ్యాంకు లెక్కలో ఇది కనబడదు. నీళ్లు, కరెంటు కనెక్షన్లు వచ్చాయో లేదో పక్కింటివాళ్లనే అడగండి, అమ్మేవాళ్లను కాదు.

☐ తొలి ఏళ్ల తక్కువ వడ్డీ గడువు ముగిశాక వాయిదా ఎంత? 30 ఏళ్ల అప్పు మరి.

☐ బిల్డర్‌కు వాయిదాలు కడుతుంటే ప్రతి రసీదూ దాచండి. 1972 నాటి మసేడా చట్టం ప్రకారం, రెండేళ్లు కట్టాక ఒప్పందం రద్దయితే కట్టినదాంట్లో కనీసం సగం తిరిగి రావాలి.