పాత తూటాల పద్దు – మూడో పాఠం: అడుగు చదవడం, ధర కట్టడం

మొదటి పాఠంలో పెట్టె మూత వేశాం. రెండో పాఠంలో కాగితాలు పోగుచేశాం. ఇంటి పెద్ద పోయాక బీరువాలో తూటాలు కనబడితే, వాటిని ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీస్ స్టేషన్‌లోగాని, లైసెన్సున్న ఆయుధాల డీలరు దగ్గరగాని జమ చేయాలనీ, 1959 ఆయుధాల చట్టం 21వ సెక్షన్ చెప్పేది అదేననీ నేర్చుకున్నాం. జమ రసీదు చేతిలో లేనివారు ఇక్కడే ఆగి, వెనక్కి వెళ్లి ఆ పని ముగించుకుని రండి. ఈ పాఠం ఇంట్లో భోజనాల బల్ల మీద చేసేది కాదు. తూటాలు పట్టుకునేది డీలరు, చూసి రాసుకునేది మీరు.

ఉదాహరణకు మా పెదమామయ్యగారి పెట్టెనే తీసుకుంటాను. విశాఖ పెదవాల్తేరులో మేడమీద గదిలో ఉండేది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చేదాకా ఆయన పాడేరు అడవులకు వేటకు వెళ్లేవారు. ఆ తర్వాత తుపాకి ఏటా దసరాకు కుంకుమబొట్టు పెట్టించుకోవడానికి తప్ప బయటికి రాలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఆ గది కిటికీ ఊడిపోయి పెట్టె తడిసింది. మా వదిన తడిసిన బట్టలతోపాటు తూటాలను కూడా డాబా మీద ఎండబెట్టింది. వడియాలకు పనికొచ్చే వైద్యం తూటాలకు పనికిరాదు. ఎండ వేడికి లోపలి మందు ఇంకా త్వరగా చెడుతుంది.

లెక్క చూస్తే మొత్తం 61. (బోరు అంటే తుపాకి గొట్టం లోపలి వెడల్పు.) కాగితం గొట్టం పన్నెండు బోరు తూటాలు 18, ప్లాస్టిక్ గొట్టంవి 24, పాయింట్ 315 రైఫిల్ తూటాలు 9, త్రీ నాట్ త్రీవి 2, పేలిపోయిన ఖాళీ గుల్లలు 8. ఆయన లైసెన్సు పుస్తకంలో ఉన్నది మాత్రం పన్నెండు బోరు ఒక్కటే. ఈ వాక్యం మళ్లీ చదవండి. ధర కట్టడం ఇక్కడినుంచే మొదలవుతుంది.

తూటాకు ముందు అడుగు చూడాలి. అడుగున గుండ్రని లోహపు బిళ్ల, దాని నడుమ క్యాపు (దెబ్బ తగిలితే లోపలి మందును అంటించేది), చుట్టూ అక్షరాలు ఉంటాయి. ‘కె ఎఫ్’ అని ఉంటే పుణె దగ్గరి ఖడ్కీలో సర్కారు మందుగుండు కర్మాగారం చేసినది. ఖడ్కీని ఇంగ్లీషువారు కిర్కీ అనేవారు, ఆ ‘కె’ దానిదే. ‘ఈలీ’, ‘కైనాక్’ అని ఉంటే బ్రిటన్ సరుకు. వాటితోపాటు ‘ఐ సి ఐ’ అని కూడా ఉంటే అది 1926కు ముందుది కాదు, ఎందుకంటే ఆ సంస్థ పుట్టిందే ఆ ఏడాది. సైనిక తూటాల మీద సాధారణంగా రెండంకెల్లో సంవత్సరం ఉంటుంది. వేట తూటాల మీద చాలావరకు ఉండదు. బాణం ములికి లాంటి గుర్తు కనబడితే అది బ్రిటిష్ సర్కారు సొత్తుకు వేసే ముద్ర. ఆ సరుకు ఇంటికి ఎలా వచ్చిందన్న ప్రశ్నకు తాతగారి దగ్గర జవాబు ఉండేదేమో, మన దగ్గర మాత్రం ఉండదు.

పాయింట్ 315నూ త్రీ నాట్ త్రీనీ కలగాపులగం చేయవద్దు. చూడటానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. త్రీ నాట్ త్రీ గుల్ల 56 మిల్లీమీటర్లు, 315ది 50. ఆరు మిల్లీమీటర్ల ఈ తేడా చట్టంలో చాలా పెద్దది. త్రీ నాట్ త్రీ సైన్యం బోరు, నిషిద్ధ శ్రేణిలోది. 315 అయితే ఈశాపూర్ కర్మాగారం పౌరుల కోసం చేసిన రైఫిల్‌ది, లైసెన్సుంటే ఉంచుకోవచ్చు. మామయ్యగారి లైసెన్సులో ఆ రెండూ లేవు. కాబట్టి ఆ 11 తూటాలకు ధర సున్నా. బేరం మాట ఎత్తకుండా, విడిగా జాబితా రాసి, పెట్టె ఎప్పుడు ఎలా దొరికిందో ఉత్తరంలో చెప్పి, పోలీసులకు అప్పగించాం. ముందురోజు ఒక న్యాయవాదికి ఆ ఉత్తరం చూపించాం. ఆ ఫీజు దండగ అని మా బావ ఇప్పటికీ అంటాడు, నేను ఒప్పుకోను.

ఇక పన్నెండు బోరు. ఆ పేరెందుకు వచ్చిందో చాలామందికి తెలియదు. ఒక పౌను సీసాన్ని పన్నెండు సమానమైన గుండ్లుగా పోస్తే, ఒక్కో గుండు వ్యాసమే ఆ తుపాకి గొట్టం లోపలి వ్యాసం. అది సుమారు 18.5 మిల్లీమీటర్లు. తూటా మీద లేదా మూతబిళ్ల మీద ఉండే అంకె లోపలి సీసపు గుళ్ల సైజు చెబుతుంది. అంకె పెరిగితే గుండు చిన్నదవుతుంది. బ్రిటిష్ లెక్కలో ఔన్సుకు ఆరో నంబరువి 270, అక్షరాల పేర్లున్న పెద్దవాటిలో ‘బి బి’వి 70, ‘ఎస్ జి’వి 8. మొదటివి పిట్టలకు, చివరివి పందులకు అనేవారు మామయ్య.

పొడవు దగ్గర కొత్తవారు తప్పు చేస్తారు. తూటాను స్కేలు పక్కన పెట్టి కొలిచి, ‘నా తుపాకిలో పడుతుంది’ అంటారు. రాసి ఉండే 65 లేక 70 మిల్లీమీటర్లు, మూత మడత పూర్తిగా విచ్చుకున్నాక గొట్టం పొడవు. మడత పెట్టి ఉన్నప్పుడు 70ది కూడా పొట్టిగానే కనబడుతుంది. పాత పొట్టి అర (తూటా కూర్చునే చోటు) ఉన్న తుపాకిలో దాన్ని పేలిస్తే మడత విచ్చుకోవడానికి చోటు చాలక లోపలి ఒత్తిడి పెరుగుతుంది. అందుకే కొనేవారికి ఈ అంకె జాబితాలో కనబడాలి.

ఇప్పుడు స్థితి. విశాఖ గాలిలో ఉప్పు, తేమ రెండూ ఉంటాయి. కాగితం గొట్టం తేమ పీల్చి ఉబ్బుతుంది. ఉబ్బినది అరలో దూరదు, దూరితే బయటికి రాదు. డీలరు దగ్గర ఉండే కొలత రింగులోంచి జారని తూటాను ఆయనే పక్కన పెట్టేస్తారు. మా 18లో 11 అక్కడే పోయాయి. మిగిలిన ఏడింటికి కూడా నేను ధర కోరలేదు. ఆ కాలపు క్యాపుల్లో చాలావాటిలో వాడిన మందు పేలాక తుపాకి గొట్టంలో ఉప్పులాంటి మసి వదులుతుంది. అది తేమను పిలిచి తుప్పు పట్టిస్తుంది. తుపాకిని ప్రేమించేవాడెవడూ అలాంటి తూటా కొనడు.

ఇత్తడి మీద పచ్చని చిలుము కంటికి కనబడుతుంది, నెర్రె మాత్రం వెతకాలి. బ్రిటిష్ కాలంలో వర్షాకాలానికి గుర్రాలశాలల్లో దాచిన తూటాల గుల్లలు వాటంతటవే పగిలేవి. గుర్రాల మూత్రంలోంచి వచ్చే అమోనియా, తేమ, ఇత్తడిని సాగదీసినప్పుడు లోపల మిగిలిపోయిన బిగువు, ఈ మూడూ కలిస్తే అలా అవుతుందని 1921లో తేల్చారు. తయారీలోనే ఖాళీ గుల్లను కొద్దిగా వేడిచేసి ఆ బిగువు తీసేయడమే దానికి విరుగుడు. మన ఇళ్లలో గుర్రాలు లేవుగాని, అమోనియా కలిసిన అద్దాలు తుడిచే ద్రవాలు ఉన్నాయి. చిలుము గీకడం, కిరోసిన్‌తో తుడవడం, చింతపండుతో తోమడం, ఏదీ చేయవద్దు. నూనె క్యాపులోకి ఇంకితే తూటా చచ్చిపోతుంది. పైగా తోమినది చూస్తే కొనేవాడికి అనుమానం వస్తుంది.

ధర కట్టే పద్ధతి నాది ఇలా ఉంటుంది. అదే బోరు కొత్త తూటా ఆ రోజు డీలరు దగ్గర ఎంతో అడిగి, దాన్ని 100 అనుకుంటాను. అసలు ప్యాకింగులో, పొడిగా ఉన్న ప్లాస్టిక్‌దానికి 50. విడిగా దొరికిన శుభ్రమైనదానికి 30. తుప్పు, ఉబ్బు, నెర్రె ఏ ఒక్కటి ఉన్నా సున్నా. ఇది నా కొలబద్ద, చట్టం కాదు. మా 24 ప్లాస్టిక్ తూటాల్లో ప్యాకింగులో బాగున్నవి 20, అడుగు తుప్పు పట్టినవి 4. ఇరవైకి యాభై చొప్పున వెయ్యి, అంటే పది కొత్త తూటాల వెల. 61 తూటాల పెట్టెకు చివరికి మిగిలింది అంతే. డీలరు నవ్వి, “మాష్టారూ, ఆ ఖాళీ అట్టపెట్టె పారేయకండి” అన్నారు. ఈలీ రంగుల ముద్ర చెదరని అట్టపెట్టె ఒకటి అడుగున ఉంది. బ్రిటన్‌లో తూటాల పెట్టెలు సేకరించేవారు ఉన్నారు. కాగితానికి ఆయుధ లైసెన్సు అక్కర్లేదు. అయితే నూరేళ్లు దాటిన పాత వస్తువులను దేశం దాటించే విషయంలో 1972 పురావస్తువుల చట్టం ఉంది, అది చూసుకోవాలి.

అమ్మకం సంగతి క్లుప్తంగా. జమ చేసిన సరుకును కొనే హక్కున్నవారికి అమ్మించి, డబ్బు తీసుకునే వీలు 21వ సెక్షనే వారసుడికి ఇస్తుంది. దానికి గడువుంది, దాటితే సరుకు ప్రభుత్వపరమవుతుంది. సొంత లైసెన్సున్న మనిషి తన తూటాలను మరో లైసెన్సుదారుకు నేరుగా అమ్మాలనుకుంటే, రాతపూర్వకంగా తెలియజేసి 45 రోజులు ఆగాలి. విశాఖ నగరంలో ఈ చట్టం కింద జిల్లా మేజిస్ట్రేటు అంటే పోలీసు కమిషనరే. పాడేరు ఇంట్లో పెట్టె దొరికితే దారి వేరు, 2022 ఏప్రిల్ నుంచి అది అల్లూరి సీతారామరాజు జిల్లా. కొనేవాడి లైసెన్సులో బోరు ఒక్కటే కాదు, ఒకేసారి ఎన్ని ఉంచుకోవచ్చు, ఏడాదికి ఎన్ని కొనవచ్చు అన్న రెండు అంకెలూ చూడాలి. పాత ఇనుము కొనేవాడికి మాత్రం ఒక్కటి కూడా ఇవ్వకండి. వాడు ఇత్తడిని కొలిమిలో వేస్తాడు.

అభ్యాసం. కింది మూడింటికీ నోటుబుక్కులో నాలుగు గడులు గీయండి: ఎవరు చేశారు, ఏ బోరు, లైసెన్సులో ఉందా, నూటికి ఎంత. లైసెన్సు పన్నెండు బోరుకే అనుకోండి.

ఒకటి: కాగితం గొట్టం, ‘ఈలీ కైనాక్ ఐ సి ఐ’, 12, మూతబిళ్ల మీద 6, గొట్టం కొద్దిగా ఉబ్బు.

రెండు: ఇత్తడి గుల్ల, ‘కె ఎఫ్’, 43, గుల్ల పొడవు 56 మిల్లీమీటర్లు.

మూడు: ప్లాస్టిక్ గొట్టం, 12, పొడవు 70, ‘కె ఎఫ్’, విడిగా దొరికింది, తుప్పు లేదు, పోయిన లైసెన్సుదారు తుపాకి 65 మిల్లీమీటర్ల అరది.

మూడోదాని దగ్గర తొందరపడకండి. కొనేవాడి తుపాకి వేరు, పోయినవారి తుపాకి వేరు. జవాబులు నాలుగో పాఠం మొదట్లో, డీలరుతో బేరం ఆడే ముందు.