సైలెన్సర్ మార్చాక కార్బురేటర్ ట్యూనింగ్ ఎలా చేయాలి?

కొత్త సైలెన్సర్ బిగించాక చాలా బండ్లలో కొన్ని తేడాలు మొదలవుతాయి. ఎక్సలేటర్ వదిలితే వెనక నుంచి టపటపమని పేలుళ్లు వస్తాయి. సగం తిప్పేసరికి బండి తడబడుతుంది, ఇంజన్ మామూలు కన్నా త్వరగా వేడెక్కుతుంది. కొత్త సైలెన్సర్ పొగను తేలిగ్గా బయటికి వదులుతుంది కాబట్టి ఇంజన్ ఎక్కువ గాలి పీలుస్తుంది. కార్బురేటర్‌లో పెట్రోలును కొలిచి వదిలే చిన్న రంధ్రాల ముక్కలైన జెట్లు మాత్రం పాత సైలెన్సర్‌కు లెక్క చూసి పెట్టినవే. గాలి పెరిగింది, దానికి తగ్గ పెట్రోలు పెరగలేదు. మెకానిక్కులు బండి లీన్‌గా నడుస్తోంది అనేది దీన్నే.

పెట్రోలు పూర్తిగా మండాలంటే బరువు లెక్కన ఒక వంతు పెట్రోలుకు సుమారు 14.7 వంతుల గాలి కావాలి. ఫుల్ థ్రాటిల్‌లో, అంటే ఎక్సలేటర్ పూర్తిగా తిప్పినప్పుడు, మంచి పవర్ రావాలంటే గాలి 12.5 నుంచి 13 వంతుల మధ్య ఉండాలి, అంటే పెట్రోలు కాస్త ఎక్కువగా, రిచ్‌గా. అదే ఫుల్ థ్రాటిల్‌లో లీన్‌గా ఎక్కువసేపు తోలితే పిస్టన్‌కు, వాల్వులకు ముప్పు. అందుకే సైలెన్సర్ మార్చాక ఈ పని తప్పకుండా చేయమంటాను. ఇదంతా కార్బురేటర్ బండ్ల సంగతి. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండిలో జెట్లు ఉండవు, దాని సర్దుబాటు ఈసీయూలో, అంటే ఇంజన్‌ను నియంత్రించే కంప్యూటర్‌లో జరుగుతుంది.

ముందు లీకులు చూడండి

పేలుళ్లు వినపడగానే జెట్ పెంచేయడం చాలామంది చేసే పని. చాలాసార్లు అసలు దోషం బెండ్ పైపు (ఇంజన్ నుంచి సైలెన్సర్‌కు పొగ తెచ్చే వంపు గొట్టం) ఇంజన్‌కు కలిసేచోట ఉంటుంది. అక్కడి గాస్కెట్ ఒకసారి నొక్కుకుపోయాక మళ్లీ సరిగా కూర్చోదు. సైలెన్సర్ విప్పిన ప్రతిసారీ కొత్తది వేయాలి. ఆ సందులోంచి బయటి గాలి లోపలికి పోతే, మండకుండా మిగిలిన పెట్రోలు పైపులోనే అంటుకుని పేలుతుంది. ఎన్ని జెట్లు మార్చినా అది ఆగదు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి జాయింట్ల మీద సబ్బునీళ్లు పూయండి. లీకు ఉంటే బుడగలు కనిపిస్తాయి.

తర్వాత కార్బురేటర్‌కూ ఇంజన్‌కూ మధ్య ఉండే రబ్బరు మ్యానిఫోల్డ్ చూడండి. పగుళ్లు ఉన్నాయేమో వేళ్లతో కొంచెం వంచి మరీ చూడాలి. బండి నిలిపి, ఎక్సలేటర్ తిప్పకుండా ఇంజన్ స్లోలో నడుస్తుండగా దాని మీద నీళ్లు స్ప్రే చేయండి. ఇంజన్ శబ్దం మారితే అక్కడ గాలి దూరుతోందని అర్థం. దీనికి కార్బ్ క్లీనర్ కొట్టే అలవాటు చాలామందికి ఉంది. వేడి ఇంజన్ మీద అది భగ్గున అంటుకోగలదు, నీళ్లే మేలు. ఎయిర్ ఫిల్టర్ శుభ్రంగా ఉందా, ట్యాపెట్ గ్యాప్ (వాల్వుల దగ్గర ఉండాల్సిన సందు) సరిగా ఉందా, కార్బురేటర్ అడుగున పెట్రోలు నిలిచే ఫ్లోట్ బౌల్‌లో మట్టం కంపెనీ చెప్పినట్టే ఉందా అన్నవి కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. ఇవి తప్పితే తర్వాత చేసేదంతా వృథా.

గ్రిప్ మీద టేపు అంటించండి

కార్బురేటర్‌కు బండి ఏ గేరులో, ఎంత స్పీడులో ఉందో పట్టదు. ముఖ్యంగా ఎక్సలేటర్ ఎంత తిరిగిందన్నదాన్ని బట్టే దానిలో ఏ భాగం పనిచేయాలో తేలుతుంది. దాదాపు పావు వరకు చిన్నదైన పైలట్ జెట్, మిశ్రమాన్ని సర్దే మిక్స్చర్ స్క్రూ. పావు నుంచి ముప్పావు దాకా నీడిల్, అంటే ఎక్సలేటర్ తిప్పేకొద్దీ పైకి లేచి పెట్రోలు రంధ్రాన్ని తెరిచే సూది. ముప్పావు దాటాక మెయిన్ జెట్. వీటి మధ్య గట్టి గోడలేమీ లేవు, ఒకదాని ప్రభావం పక్కదానిలోకి కొంత జారుతుంది.

కాబట్టి ఎక్సలేటర్ గ్రిప్ మీద, దాని పక్కన కదలని భాగం మీద తెల్ల టేపు ముక్కలు అంటించండి. కదలని భాగం మీద ఒకే గీత గీయండి. గ్రిప్ మీద సున్నా, పావు, సగం, ముప్పావు, ఫుల్ అని గీతలు పెట్టండి. బండి తోలేటప్పుడు తడబాటు ఏ గీత దగ్గర వస్తోందో చూస్తే ఏ భాగాన్ని ముట్టుకోవాలో తెలిసిపోతుంది. నన్నడిగితే మొత్తం పనిలో ఇంత లాభం ఇచ్చే చిట్కా మరొకటి లేదు.

లీనా, రిచ్చా?

లీన్ అయితే బండి లాగదు, ఎక్సలేటర్ వదిలినా ఇంజన్ వేగం వెంటనే దిగదు, ప్లగ్గు మొన తెల్లగా ఉంటుంది. రిచ్ అయితే పికప్ బరువుగా ఉంటుంది, పెట్రోలు వాసన, నల్లపొగ వస్తాయి, ప్లగ్గు మీద మసి పేరుతుంది. అనుమానం తీరకపోతే తడబాటు వచ్చే గీత దగ్గరే ఎక్సలేటర్ ఆపి, చోక్ కొంచెం లాగండి. బండి బాగుపడితే లీన్, ఇంకా మొరాయిస్తే రిచ్. ఈ కాలం పెట్రోలుతో ప్లగ్గు రంగు అంత తొందరగా పట్టదు, అందుకే దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

మెయిన్ జెట్

పని ఇక్కడ మొదలుపెట్టండి, ఫుల్ థ్రాటిల్ నుంచి స్లో వైపు కిందికి రండి. ఇంజన్ పూర్తిగా చల్లారాక పెట్రోలు ట్యాప్ కట్టేసి, ఫ్లోట్ బౌల్ ఖాళీ చేయండి. గాలి ఆడే చోట పని చేయండి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. జపాన్ కార్బురేటర్ల స్క్రూలు చూడటానికి మామూలు ప్లస్ స్క్రూల్లాగే ఉంటాయి కానీ అవి జేఐఎస్ (జపాన్ పారిశ్రామిక ప్రమాణం) రకం, చాలావాటి తల మీద చిన్న చుక్క ఉంటుంది. మామూలు స్క్రూడ్రైవర్ పెడితే జారి తల అరిగిపోతుంది. జేఐఎస్ స్క్రూడ్రైవర్ ఒకటి కొనుక్కోవడం మంచిది. జెట్లు మెత్తని ఇత్తడివి. గట్టిగా బిగిస్తే మరలు పోతాయి, తీగతో పొడిస్తే రంధ్రం పెద్దదవుతుంది.

సైలెన్సర్ ఒక్కటే మారితే మెయిన్ జెట్ ఒకటి రెండు సైజులు పెంచితే సాధారణంగా సరిపోతుంది. బెండ్ పైపుతో సహా మొత్తం మార్చినా, ఎయిర్ ఫిల్టర్ కూడా మార్చినా ఇంకా పెరగొచ్చు. పాత జెట్ మీది నంబరు రాసుకోండి. మికుని, కైహిన్ అనే కార్బురేటర్ కంపెనీల నంబర్లు ఒకదానితో ఒకటి సరిపోలవు, కాబట్టి మీ కార్బురేటర్ కంపెనీ జెట్లే తీసుకోండి.

పరీక్షకు ట్రాఫిక్ లేని, అంత స్పీడుకు అనుమతి ఉన్న చోటు కావాలి. ట్రాక్ దొరికితే మరీ మంచిది. ఫుల్ థ్రాటిల్‌లో ఉండగా ఎక్సలేటర్ కొద్దిగా వెనక్కి తిప్పండి. బండి ఒక్కసారి ఊపందుకున్నట్టు అనిపిస్తే జెట్ చిన్నది. తడబడినా మిస్ కొట్టినా జెట్ పెద్దది. మెత్తగా కొంచెం స్పీడు తగ్గితే సరిపోయినట్టే. అటా ఇటా అని తేలనప్పుడు కాస్త రిచ్ వైపే ఉంచండి.

నీడిల్

నీడిల్ పైభాగంలో గాడులుంటాయి, ఒకదానిలో క్లిప్ ఉంటుంది. ఇక్కడ చాలామంది తికమక పడతారు. క్లిప్‌ను ఒక గాడి కిందికి దించితే నీడిల్ పైకి లేస్తుంది, రంధ్రం ఎక్కువ తెరుచుకుంటుంది, మిశ్రమం రిచ్ అవుతుంది. క్లిప్ పైకి పెడితే లీన్. ఒక్క గాడి మార్చి, బండి తోలి చూసి, అప్పుడే రెండోది. కొన్ని బండ్ల నీడిల్‌కు గాడులు ఉండవు. వాటికి సన్నని చిన్న వాషర్ ఒకటి కింద వేసి నీడిల్‌ను లేపుతారు. సీవీ కార్బురేటర్ (నీడిల్‌ను మోసే స్లైడ్‌ను ఇంజన్ పీల్పుతో లేపే రకం) అయితే మూత తీసినప్పుడే రబ్బరు డయాఫ్రమ్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. సూదిమొనంత చిల్లు ఉన్నా స్లైడ్ సరిగా లేవదు.

పైలట్, మిక్స్చర్ స్క్రూ

స్క్రూ ఎటువైపు ఉందో ముందు చూడండి. ఇంజన్ వైపు ఉంటే అది పెట్రోలును నియంత్రిస్తుంది, బయటికి తిప్పితే రిచ్. ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే గాలిని నియంత్రిస్తుంది, బయటికి తిప్పితే లీన్. కొన్ని బండ్లలో దీని మీద ఇత్తడి మూత ఉంటుంది, స్క్రూకు తగలకుండా జాగ్రత్తగా డ్రిల్ చేసి తీయాలి.

స్క్రూను తేలిగ్గా తగిలేదాకా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లు పట్టిందో లెక్కపెట్టి రాసుకోండి. గట్టిగా బిగిస్తే దాని మొన పాడవుతుంది. తర్వాత రెండు చుట్లు బయటికి తిప్పి మొదలుపెట్టండి. ఇంజన్ బాగా వేడెక్కాక, బయట గాలి ఆడే చోట, పావు చుట్టు చొప్పున తిప్పుతూ ప్రతిసారీ కొన్ని క్షణాలు ఆగి వినండి. ఆర్‌పీఎం (ఇంజన్ తిరిగే వేగం) ఎక్కడ అన్నిటికన్నా ఎక్కువగా, నిలకడగా ఉంటుందో అక్కడ ఆపి, స్లో స్క్రూతో ఆర్‌పీఎం తగ్గించి, మళ్లీ ఒకసారి అదే చేయండి.

పెట్రోలు స్క్రూ మూడు చుట్లు దాటితేగాని బాగుపడకపోతే పైలట్ జెట్ ఒక సైజు పెంచాలి. ఒక చుట్టులోపే సరిపోతుంటే పైలట్ పెద్దదైందని అర్థం. గాలి స్క్రూకు ఇది తిరగబడుతుంది.

ఇంకా పేలుళ్లు ఉంటే

ఎక్సలేటర్ ఒక్కసారిగా వదిలినప్పుడు ఒకటి రెండు చిన్న శబ్దాలు రావడం మామూలే, దానికి టెన్షన్ పడొద్దు. ఎగ్జాస్ట్ పోర్టులోకి గాలి పంపే వాల్వు ఉన్న బండ్లలో అది ఇంకొంచెం ఎక్కువ. ఆ శబ్దం పూర్తిగా పోగొట్టాలని పైలట్‌ను అతిగా పెంచితే మైలేజీ పడిపోతుంది, ప్లగ్గు మసిబారుతుంది.

రెండు, నాలుగు సిలిండర్ల బండిలో జెట్లు కుదిరాక వాక్యూమ్ గేజ్‌లతో కార్బురేటర్లను సింక్ చేయించాలి, అంటే అన్నీ సమంగా తెరుచుకునేలా సర్దించాలి. ఎత్తైన ప్రదేశాలకు వెళ్తే గాలి పలచబడి అదే జెట్‌తో బండి రిచ్ అవుతుంది. చలి పెరిగితే గాలి చిక్కబడి లీన్ అవుతుంది. అందుకే పెట్టిన జెట్ నంబర్లు, క్లిప్ గాడి, స్క్రూ చుట్లతోపాటు ఆ రోజు వాతావరణం కూడా రాసిపెట్టుకోండి. పాత జెట్లను చిన్న డబ్బాలో వేసి, నంబర్లు రాసి దాచండి. పాత సైలెన్సర్ మళ్లీ బిగించిన రోజున అవే వెనక్కి వేయాలి.