ఆక్సాలిక్ యాసిడ్‌లో గ్రానైట్ పొడి వేస్తే పీహెచ్ పైకి పోతోందా? ముందు ఈ ఒక్కటి చూడండి

ప్రాజెక్టుల టైమొస్తే చాలు, అనంతపురంలో గ్రానైట్ పొడి మీద ఆర్గానిక్ యాసిడ్ ఎట్లా పనిచేస్తాదో చూస్తామని మొదలుపెట్టిన పిల్లోళ్లంతా ఒకటే మాట, "అన్నా, రీడింగ్ ఎటో పోయింది" అని. పొడి కొట్టడం, జల్లించడం, మీటర్ కాలిబ్రేషన్ మీకు వచ్చనే అనుకుంటా, వాటి జోలికి పోను.

సమస్య 1: పీహెచ్ 3 దగ్గర పెట్టిన ద్రావణం రెండు దినాల్లో 6 దాటేసింది, కానీ అందులో కాల్షియం చూస్తే దాదాపు లేదు.

కారణం: రాయిలో సున్నం. గ్రానైట్‌లో ముఖ్యంగా ఉండే ఖనిజాల్లో ఫెల్డ్‌స్పార్ రెండు దినాల్లో అంత యాసిడ్ తాగే రకం కాదు, క్వార్ట్జ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. లెక్క చూడండి, పావు లీటరు 1 మిల్లీమోలార్ ఆక్సాలిక్ యాసిడ్‌ను మొత్తం చంపేయడానికి 25 మిల్లీగ్రాముల కాల్సైట్ (ఆ సున్నం ఖనిజం పేరే ఇది) చాలు, అంటే 5 గ్రాముల పొడిలో అర శాతం. మన ఎర్రమట్టి కింద తెల్లగా గడ్డలు గడ్డలుగా సున్నం ఉంటాది కదా, అదే వాన నీళ్లతో దిగి గుండు పగుళ్లలో కూర్చోనుంటాది. సున్నం ఉంటే యాసిడ్ చుక్కకు నురగొస్తాది, అట్లా వేసి చూసినారా అంటే అందరూ తల గోక్కుంటారు.

నేను చుక్క వేసి కూడా మోసపోయినా. చేతిలో ఉండే ఆక్సాలిక్ యాసిడే కదా అని దాన్నే వేసినా, రెండు బుడగలొచ్చి ఆగిపోయినాయి, సరే సున్నం లేదులే అనుకొని మూడు వారాలు రీడింగులు రాసుకుంటా కూర్చున్నా, గ్రానైట్ ఇంత జోరుగా కరుగుతాదా అని మురిసిపోయినా కూడా. జరిగేదేంటంటే, ఆక్సాలిక్ యాసిడ్ కాల్సైట్‌ను తాకగానే నీళ్లలో కరగని కాల్షియం ఆక్సలేట్ పుట్టి దాని మీదనే పొరలాగా కట్టుకుంటాది, అందుకే నురగ ఆగిపోతాది. లోపల మాత్రం పని మెల్లగా నడుస్తానే ఉంటాది. బాటిల్ అడుగున సన్నటి తెల్లపొడి కనిపిస్తే నేను బంకమన్ను వచ్చిందనుకున్నా, అది ఆక్సలేట్. కాల్షియం అంతా అందులోనే పోయింది, ద్రావణంలో యాడ దొరుకుతాది? రాళ్ల మీద మచ్చలుగా పెరిగే లైకెన్ల కింద కూడా ఇదే పదార్థం దొరుకుతాది.

పరిష్కారం: చుక్క వేసేది హైడ్రోక్లోరిక్ యాసిడ్, ఒక వంతుకు తొమ్మిది వంతుల నీళ్లు (నీళ్లలోకే యాసిడ్ పోయాల, తిరగేసి కాదు). పొడిని ముందు నీళ్లతో తడపండి, లేకుంటే సందుల్లోని గాలి బయటికొస్తే దాన్నే నురగ అనుకుంటారు. సందేహముంటే చెవి దగ్గర పెట్టండి, సన్నగా చుయ్యిమంటాది. సున్నం ఉంటే ఆ రాయి వదిలేసి, క్వారీలో లోపలి నుంచి పగలగొట్టిన ముక్క తెచ్చుకోండి. అదే పొడి కావాల్సిందే అంటే పీహెచ్ 5 దగ్గర అసిటేట్ బఫర్‌తో (పీహెచ్ పెద్దగా మారకుండా పట్టి ఉంచే ద్రావణం) సున్నం తీసేసి, డిస్టిల్డ్ వాటర్‌తో బాగా కడగండి, అసిటేట్ కూడా ఆర్గానిక్కే కాబట్టి మిగిలిందంటే మళ్లీ గోలే.

కడప బండ, బేతంచెర్ల బండ తెచ్చి గ్రానైట్ లాంటి సిలికేట్ రాయి అంటే మాత్రం నేనేం చేయలేను, అవి సున్నపురాళ్లు.

సమస్య 2: ఆక్సాలిక్ బాగా కరిగించింది, అసిటిక్ కరిగించలేదు, కారణం తెలియడం లేదు.

రెండింటి గాఢత ఒకటే పెట్టి పీహెచ్ వదిలేసింటారు. ఆక్సాలిక్ బలమైనది, పీహెచ్ బాగా దిగిపోతాది, కరిగించింది హైడ్రోజన్ అయానా, రాయిలోని అల్యూమినియంను పట్టుకొని లాగే ఆక్సలేటా ఎట్లా తెలుస్తాది? అదే పీహెచ్‌కు సెట్ చేసిన హైడ్రోక్లోరిక్ యాసిడ్ బాటిల్ ఒకటి పక్కన పెట్టండి. ఈ పోలిక కూడా పీహెచ్ 4, 5 మధ్య చేయండి, 2 దగ్గరైతే హైడ్రోజన్ జోరులో మిగతా తేడా కనపడదు.

సిలికా ఎక్కువొస్తే గాజు బాటిల్ మార్చి ప్లాస్టిక్ వాడండి. సిట్రిక్ యాసిడ్‌లో బూజు తేలితే పారబోసి మళ్లీ కలుపుకోండి.