సబ్బు పొరను నల్లబడేదాకా నిలపడం ఎలా?

సబ్బు పొర బాగా పలచబడితే పైఅంచు నల్లబడుతుంది. ఆ నలుపును పిల్లలకు చూపిద్దామని కూర్చుంటే, అనంతపురం ఏప్రిల్ గాలికి పొర నిమిషమైనా నిలవలేదు. పొరలోని నీళ్లను పొడిగాలి లాగేసుకుంటోంది. అందుకని పొరను సీసాలో పెట్టాలి.

చిన్నపిల్లల చేతిగాజు దూరేంత మూతి ఉన్న సీసా తీసుకోండి. అడుగున తడిగుడ్డ పరిచి, మూత బిగించి అరగంట వదిలేయండి. బోరు నీళ్లలో సబ్బు సరిగ్గా కలవదు, క్యాన్ నీళ్లే వాడండి. గ్లాసు నీళ్లకు గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చెంచాలు, మెడికల్ షాపులో దొరికే గ్లిజరిన్ అర చెంచా చాలు. నురగ రాకుండా మెల్లగా కలపండి.

ఆ చేతిగాజుకు దారం కట్టి, దారం కొసను మూత లోపలివైపు టేపుతో అంటించండి. గాజును సబ్బునీళ్లలో ముంచి తీసి, నిలువుగా వేలాడేలా మూత పెట్టేయండి. సీసా వెనక నల్లగుడ్డ ఉంచి, కిటికీ వెలుతురు పొర మీద మెరిసేదాకా సీసాను తిప్పండి.

ఇక కదపకండి. గులాబీ, ఆకుపచ్చ చారలు ఒకదాని వెనక ఒకటి కిందికి జారతాయి. పైన బంగారు రంగు, ఆపైన తెలుపు వస్తాయి. ఉన్నట్టుండి తెలుపు పైన కత్తితో కోసినట్టు నల్లటి అంచు! పొర చిరిగిందనిపిస్తుంది గానీ అక్కడా పొర ఉంది. మందం సుమారు 30 నానోమీటర్ల లోపు, అంటే వెంట్రుకలో రెండువేలో వంతు కూడా ఉండదు. అంత పలచనైతే ముందు, వెనక తలాల నుంచి వెనక్కొచ్చే వెలుగులు ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి.

ద్రవంలా పారుతూనే స్ఫటికంలా అణువులు ఒక పద్ధతిలో అమరి ఉండే పదార్థాలను ద్రవ స్ఫటికాలంటారు. వాటిలో స్మెక్టిక్ అనే రకంతోనూ ఇలాంటి పొరలు లాగుతారు. 1922లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త జార్జ్ ఫ్రీడెల్ ఆ పేరును సబ్బుకు సంబంధించిన గ్రీకు మాట నుంచే తీసుకున్నాడు. స్మెక్టిక్‌లలో అణువులు చాప మీద చాప పరిచినట్టు వరసలుగా ఉంటాయి, ఒక్కో వరస సుమారు 3 నానోమీటర్లు. మన సబ్బు పొర జారుడుబల్లలా పలచబడుతుంది, స్మెక్టిక్ పొర మాత్రం మెట్లుమెట్లుగా మారుతుంది. మెట్టు మారినచోట రంగు కూడా మారుతుంది. ఆరిపోవడానికి అందులో నీళ్లే లేవు కాబట్టి రోజుల తరబడి నిలుస్తుంది. 2015లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో వాటితో బుడగలు కూడా ఊదారు.

నలుపు సగందాకా దిగాక మూతను మెల్లగా పైకెత్తండి. గాజు బయటి గాలిలోకి వచ్చాక పొర ఎన్ని సెకన్లు ఉంటుందో పిల్లల చేత లెక్కపెట్టించండి.