మొక్కజొన్న గింజలో విషం చేరకుండా

మొక్కజొన్న గింజ మీద బూజు కనబడకపోతే చాలు, పశువులకు పెట్టొచ్చని మా శ్రీకాకుళం జిల్లా రణస్థలం వైపు చాలామంది అనుకుంటారు. పంటా పాడీ రెండూ ఉన్న నేను మాత్రం ఆ మాట ఒప్పుకోను. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు శిలీంధ్రం తయారుచేసే అఫ్లాటాక్సిన్ అనే విషం కంటికి కనబడదు, రుచికి అందదు. ఉడికించినా, వేయించినా పూర్తిగా పోదు. 1974లో గుజరాత్, రాజస్థాన్ పల్లెల్లో అకాల వానకు తడిసిన మొక్కజొన్న తిని వందమందికి పైగా చనిపోయారు.

బూజు పెరగడం వేరు, విషం పుట్టడం వేరు. ఈ శిలీంధ్రం జోరుగా పెరిగేది 35 డిగ్రీలు దాటిన వేడిలో. విషం ఎక్కువగా చేసేది 28, 30 డిగ్రీల దగ్గర. అక్టోబరు ముసురులో మన వసారాల్లో ఉండేది దాదాపు ఆ వేడే. వేడిని మనం మార్చలేం కాబట్టి తేమనే పట్టుకోవాలి.

పని చేలోనే మొదలవుతుంది. గింజ పాలు పోసుకునేటప్పుడు నీటి ఎద్దడి వస్తే శిలీంధ్రం అక్కడే చొరబడుతుంది, అందుకని అప్పుడు పెట్టాల్సిన నీటి తడి తప్పించకండి. పురుగు తొలిచిన కండెలను కోతలోనే వేరుచేయండి. మంచివాటితో కలిపి నూర్చాక ఏరడం ఎవరి తరమూ కాదు.

కోసిన కండెలను రాత్రంతా కుప్పగా ఉంచకూడదు, లోపల ఉడుకుతాయి. గింజలను మట్టి మీద కాకుండా టార్పాలిన్ మీద రెండు అంగుళాలకు మించని మందంలో పరిచి, మధ్యమధ్య తిరగేయండి. మంచు పడకముందే కప్పండి. రోడ్డు మీద ఆరబోస్తే చక్రాల కింద గింజ పగులుతుంది, పగిలిన గింజలో బూజు సులువుగా దిగుతుంది. తేమ 13 శాతానికి దిగాలి. మీటరు లేకపోతే పొడి గాజు సీసాలో గుప్పెడు గింజలు, చెంచాడు పొడి ఉప్పు వేసి కొన్ని నిమిషాలు కుదపండి. ఉప్పు గాజుకు అంటుకుంటే తేమ 15 శాతం పైనే ఉన్నట్టు. అంటుకోకపోయినా 13కి దిగిందని కాదు కాబట్టి నేను మరో ఎండ చూపిస్తాను.

బస్తాలను గోడకు ఎడంగా, చెక్కల మీద పేర్చండి. ముక్కుపురుగు పడితే గింజ వేడెక్కి మళ్లీ చెమరుస్తుంది.

బూజు గింజలు దాణాలోకి వెళ్తే విషం రూపు మారి పాలలోకి దిగుతుంది, కాచినా పోదు. వాటిని కోళ్లకు కూడా వేయకుండా పూడ్చేయండి. ఏరేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి.

మన దేశంలో ధాన్యంలో అఫ్లాటాక్సిన్‌కు చట్టం అనుమతించే హద్దు కిలోకు 15 మైక్రోగ్రాములు. పరీక్షకు పంపాలంటే ఒక్క బస్తా పైనుంచి గుప్పెడు తీస్తే చాలదు. విషం కొన్ని గింజల్లోనే ముద్దకట్టి ఉంటుంది. చాలా బస్తాల్లో పై నుంచి, నడుమ నుంచి, అడుగు నుంచి తీసి, అంతా కలిపి, అందులోంచి నమూనా ఇవ్వండి.