అనంతపురంలో కూర్చుని ఉద్యోగాలు ఇప్పించే పని చేయాలంటే

సోమవారం పొద్దున ఏడు గంటలు. సప్తగిరి సర్కిల్ దగ్గర పదకొండు మంది పిల్లోళ్ళు నాకోసం నిలబడి ఉండాలి. అందరికీ ఆఫర్ లెటర్లు వచ్చేశాయి, పెనుకొండ పక్కన ఒక విడిభాగాల కంపెనీలో తొమ్మిదిన్నరకు జాయినింగ్. వచ్చింది నలుగురు. ముగ్గురి ఫోన్లు స్విచ్ ఆఫ్. ఒకడు "అన్నా, ఈరోజు అమావాస్య, ఇంట్లో వద్దంటాండారు" అన్నాడు. ఇంకొకడి నాన్న ఫోనెత్తి, మా వాడిని యాడికి తీసుకపోతాండావని నన్నే తిట్టాడు. మిగిలిన ఇద్దరూ శనివారం రాత్రే బెంగళూరు బస్సెక్కేశారని తర్వాత తెలిసింది.

అది నా మొదటి బ్యాచ్. రిక్రూటర్ ఉద్యోగం ఎలా ఉంటుంది, సొంతంగా కన్సల్టెన్సీ పెట్టొచ్చా అని అడిగేవాళ్ళకు నేను ముందు ఈ సంగతే చెప్తాను. రెజ్యూమ్‌లు తేవడం కష్టం కాదు, ఇంటర్వ్యూకు పంపడమూ కష్టం కాదు. ఆఫర్ వచ్చిన రోజుకూ చేరిన రోజుకూ మధ్యలో ఉంటుంది మన పనంతా, మన డబ్బు కూడా అక్కడే ఇరుక్కుని ఉంటుంది.

ముందు ఎవరి దగ్గరైనా పని చేయండి

ఎంబీఏ హెచ్ఆర్ అయిపోయింది కదా అని సుభాష్ రోడ్‌లో రూమ్ అద్దెకు తీసుకుని బోర్డు పెట్టేయకండి. కనీసం ఒకటిన్నర, రెండేళ్ళు ఎక్కడైనా రిక్రూటర్‌గా చేయండి. ఎంబీఏ ఉంటే మంచిదే, లేకపోయినా ఏ డిగ్రీ ఉన్నా తీసుకుంటారు, ఎందుకంటే వాళ్ళు చూసేది ఫోన్‌లో ఎలా మాట్లాడతారు, రోజంతా మాట్లాడినా విసుగు పడతారా లేదా అని. నేను చేసిన చోట రోజుకు 60 కాల్స్ టార్గెట్. సాయంత్రానికి గొంతు పోయేది.

చేరడానికి మూడు రకాల చోట్లు ఉంటాయి. కన్సల్టెన్సీలో చాలామంది క్లయింట్లు, మనిషి చేరితేనే డబ్బులు, తిట్లు ఎక్కువ, నేర్చుకునేదీ ఎక్కువే. స్టాఫింగ్ కంపెనీలో మనుషులు వాళ్ళ పేరోల్ మీదే ఉండి వేరే కంపెనీలో పని చేస్తారు కాబట్టి పీఎఫ్ (భవిష్య నిధి), ఈఎస్ఐ (కార్మికుల వైద్య బీమా), జీతాల లెక్కలు బాగా వస్తాయి. కంపెనీలోపలి హెచ్ఆర్ అయితే నిదానం, ఒక్క కంపెనీ సంగతులే తెలుస్తాయి. సొంతంగా పెట్టాలన్న ఆలోచన ఉంటే మొదటిదే నయం.

భాష సంగతి ఒకటి చెప్పాలి. మనకున్న పెద్ద ఆస్తి కన్నడం. రాయదుర్గం, మడకశిర వైపు పిల్లోళ్ళకు కన్నడం ఎలాగూ వస్తుంది. మనకు కూడా నాలుగు మాటలు వస్తే బెంగళూరు, దొడ్డబళ్ళాపురం కంపెనీల హెచ్ఆర్‌తో మాట కలుస్తుంది. ఇంగ్లీష్ మెయిల్ తప్పుల్లేకుండా రాయగలిగితే చాలు, అనర్గళంగా మాట్లాడనక్కర్లేదు.

కంపెనీని ప్రశ్నలు అడగడానికి సిగ్గుపడొద్దు

2019లో ఎర్రమంచి దగ్గర కియా కార్లు తయారవడం మొదలయ్యాక, దాని చుట్టూ విడిభాగాల కంపెనీలు వచ్చాక, మన పిల్లోళ్ళకు ఊరికి దగ్గర్లో ఫ్యాక్టరీ ఉద్యోగం అనేది ఒకటి ఏర్పడింది. హిందూపురం దగ్గర తూమకుంట పారిశ్రామికవాడ, తాడిపత్రి వైపు సిమెంటు, గ్రానైటు, ఇంకా కిందికి పోతే బెంగళూరు ఉండనే ఉంది. 2022లో జిల్లా విడిపోయి పెనుకొండ, హిందూపురం సత్యసాయి జిల్లాలోకి పోయాయి గానీ ఉద్యోగం వెతుక్కునేవాడికి ఆ గీతతో పనిలేదు.

కంపెనీ వాళ్ళు జేడీ (జాబ్ డిస్క్రిప్షన్, ఉద్యోగ వివరాలు) అని ఒక పేజీ పంపుతారు. 'ఐటీఐ ఫిట్టర్, 0–2 ఏళ్ళు, 20 మంది, అర్జెంట్.' దాన్ని పట్టుకుని వెంటనే ఫోన్లు మొదలుపెడితే మీ వారం వృథా. తిరిగి ఫోన్ చేసి అడగండి. షిఫ్టులు ఎన్ని, నైట్ షిఫ్ట్ వారం వారం మారుతుందా? బస్సు ఉందా, ఉంటే ఏ ఊరు దాకా? క్యాంటీన్ ఫ్రీయా, జీతంలో కోస్తారా? కంపెనీ రోల్సా, కాంట్రాక్టా, అప్రెంటిసా? ఇంటర్వ్యూ ఎవరు చేస్తారు, ఎన్ని రోజుల్లో ఫలితం చెప్తారు? ఇవన్నీ ఒక ఎత్తు, 'ఇదే పోస్టులో ముందున్నవాళ్ళు ఎందుకు మానేశారు' అనే ప్రశ్న ఒక ఎత్తు. దానికి జవాబు సరిగ్గా చెప్పే హెచ్ఆర్ దొరికితే ఆ క్లయింట్‌ను వదులుకోకండి. తడబడి మాట మార్చే వాళ్ళైతే 20 మందిని పంపినా మూడు నెలలకు ఇద్దరు మిగులుతారు.

మనుషులు ఎక్కడ దొరుకుతారు

అనుభవం ఉన్నవాళ్ళ కోసం నౌక్రీ లాంటి జాబ్ సైట్ల డేటాబేస్ డబ్బు కట్టి తీసుకోవాల్సిందే. ఫ్యాక్టరీ ఉద్యోగాలకు అది పెద్దగా పనికిరాదు, ఐటీఐ పిల్లోడు అందులో రెజ్యూమ్ పెట్టడు. అతని కోసం ఐటీఐకే పోవాలి, పాలిటెక్నిక్‌కు పోవాలి, ట్రైనింగ్ ఆఫీసర్‌తో ఒక టీ తాగాలి. స్కిల్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ వాళ్ళ జాబ్ మేళాలకు పోయి ఒక మూల నిలబడి చూడండి. సెలెక్ట్ అయినవాళ్ళ కంటే కానివాళ్ళు మనకు ముఖ్యం, అప్పుడే నంబర్ తీసుకోవాలి. కేంద్రం వాళ్ళ ఎన్‌సీఎస్ (నేషనల్ కెరీర్ సర్వీస్) అనే ఉద్యోగాల పోర్టల్ ఉచితం, 2015 నుంచి ఉంది, మన జిల్లాలో దాన్ని వాడేవాళ్ళు తక్కువ.

ఒక ఎక్సెల్ షీట్ పెట్టుకోండి. పేరు, ట్రేడ్, ఊరు, మండలం అందరూ రాసుకుంటారు. మీరు ఇంకో మూడు కాలమ్స్ వేసుకోండి: నాన్న లేదా అమ్మ నంబర్ (అతన్ని అడిగే తీసుకోవాలి), ఇంట్లో పొలం ఉందా, నైట్ షిఫ్ట్‌కు ఒప్పుకున్నాడా. పొలం కాలమ్ ఎందుకంటే, అక్టోబర్, నవంబర్‌లో శెనక్కాయ పెరికే టైమ్‌లో పొలం ఉన్న ఇళ్ళ పిల్లోళ్ళు ఒక పది రోజులు మాయమవుతారు. ఆ నెలల్లో జాయినింగ్ పెట్టుకుంటే ముందే కంపెనీకి చెప్పి ఒక వారం అటూ ఇటూ జరుపుకోవాలి.

ఇంకో మాట. ఆధార్ కాపీలు, మార్కుల మెమోలు వాట్సాప్ గ్రూపుల్లో తిప్పకండి. ఆఫర్ దాకా రెజ్యూమ్ ఒక్కటి చాలు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఒక్కరోజు కూడా మీ దగ్గర పెట్టుకోవద్దు, ఎవరు ఎంత నమ్మి ఇచ్చినా సరే.

జీతం మాట

పిల్లోళ్ళు చేరిన నెలకే మానేయడానికి నేను చూసిన మొదటి కారణం ఇదే. వీళ్ళకు ఎవరో 'ఇరవై వేలు' అని చెప్తారు, చేతికి పదహారు వస్తాయి, మోసం చేశారంటారు. తప్పు కంపెనీది కాదు, లెక్క చెప్పని మనది.

ఫోన్‌లోనే పెన్నూ కాగితం తీసుకోమని చెప్పి ఇలా రాయించండి. గ్రాస్ 18,000, అందులో బేసిక్, డీఏ కలిపి 12,000 అనుకుందాం. పీఎఫ్ ఆ 12,000 మీద 12 శాతం, అంటే 1,440. ఈఎస్ఐ గ్రాస్ మీద 0.75 శాతం, 135. మన రాష్ట్రంలో ఈ జీతానికి ప్రొఫెషనల్ ట్యాక్స్ నెలకు 150. మొత్తం 1,725 పోతే చేతికొచ్చేది 16,275. కంపెనీ తన వంతు పీఎఫ్ 1,440, ఈఎస్ఐ 585 కడుతుంది, అవి కూడా కలిపితే 20,025. ఆ 'ఇరవై వేలు' అక్కడి నుంచి వచ్చింది. దాన్నే సీటీసీ అంటారు, అంటే మనిషి మీద కంపెనీకయ్యే మొత్తం ఖర్చు. ఆ తర్వాత రూమ్ అద్దె, భోజనం తీసేసి ఇంటికి ఎంత పంపగలడో అతనితోనే చెప్పించండి. ఆ అంకె విని కూడా వస్తానన్నవాడే వస్తాడు.

ఈఎస్ఐని కోత అనుకుంటారు గానీ 21,000 లోపు జీతం ఉన్నవాడికి, అతని మీద ఆధారపడిన అమ్మానాన్నలకు ఆసుపత్రి ఖర్చు అందులోంచే జరుగుతుందని చెప్తే ఇంట్లోవాళ్ళ గొంతు మారుతుంది. నేను చాలాసార్లు చూశాను.

అనుభవం ఉందని చెప్పేవాళ్ళ దగ్గర యూఏఎన్ (పీఎఫ్ నంబర్) సర్వీస్ హిస్టరీ అడగండి, ఎక్కడ ఎన్నాళ్ళు చేశారో అందులో ఉంటుంది. బెంగళూరులో డబ్బులిస్తే ఎక్స్‌పీరియన్స్ లెటర్ దొరుకుతుంది, పీఎఫ్ ఖాతాలో లేని మూడేళ్ళు మాత్రం దొరకవు.

ఆఫర్ నుంచి జాయినింగ్ దాకా

ఆఫర్ వచ్చిన రోజు అభినందనలు చెప్పి వదిలేస్తే అయిపోయినట్టే. ఆ రోజు సాయంత్రమే ఇంటికి ఫోన్ చేయాలి. నిర్ణయం పిల్లోడిది కాదు, ముఖ్యంగా ఆడపిల్లలైతే అస్సలు కాదు. అమ్మతో, నాన్నతో, కొన్ని ఇళ్ళలో మేనమామతో మాట్లాడాలి. హాస్టల్ ఎక్కడ, గేటు ఎన్నింటికి వేస్తారు, పక్క ఊరి పిల్ల ఎవరైనా అక్కడ ఉందా, ఇవే అడుగుతారు. కంపెనీ పేరు, టర్నోవర్ ఎవరికీ పట్టవు. అక్కడ పనిచేస్తున్న మన జిల్లా అమ్మాయి ఒకరు ఫోన్‌లో రెండు నిమిషాలు మాట్లాడితే మీరు గంటసేపు చెప్పినదానికంటే ఎక్కువ పని జరుగుతుంది.

క్యాలెండర్ పక్కన పెట్టుకోండి. అమావాస్య, మంగళవారం, ఆషాఢం, మూఢం. మీకు నమ్మకం ఉన్నా లేకపోయినా వాళ్ళకుంది. జాయినింగ్ తేదీ అడిగేటప్పుడే 'బుధవారం గానీ గురువారం గానీ పెట్టండి సార్' అని హెచ్ఆర్‌కు చెప్తే పోయేదేముంది? నా అమావాస్య సోమవారం తర్వాత నేను నేర్చుకున్నది ఇదే.

నోటీస్ పీరియడ్‌లో ఉన్నవాళ్ళ కథ వేరు. అరవై రోజుల్లో ఇంకో రెండు ఆఫర్లు వస్తాయి. వారానికోసారి ఏదో ఒక పనిమీద ఫోన్ చేయండి, రాజీనామా ఆమోదించిన మెయిల్ అడగండి. మెయిల్ చూపించకుండా 'ఇచ్చినాను అన్నా' అంటుంటే వేరే మనిషిని చూసుకోవడం మొదలుపెట్టండి, కంపెనీకి కూడా నిజం చెప్పేయండి. దాచిపెడితే జాయినింగ్ రోజు మన పరువే పోతుంది.

డబ్బు

ఫీజు కంపెనీ ఇస్తుంది. అభ్యర్థి దగ్గర రిజిస్ట్రేషన్ అనీ, ఫైలు ఖర్చు అనీ, మొదటి నెల జీతంలో సగం అనీ తీసుకోవద్దు. మన ఊర్లో అలా తీసుకుని రాత్రికి రాత్రి తాళం వేసుకుపోయిన ఆఫీసుల వల్లే ఇవాళ 'కన్సల్టెన్సీ' అంటే నాన్నలు ఫోన్‌లో తిడతారు.

మామూలుగా నడిచే రేటు ఏడాది జీతంలో 8.33 శాతం, అంటే ఒక నెల జీతం. ఏడాదికి 3 లక్షలైతే 24,990. ఫ్యాక్టరీ ఉద్యోగాలకు మనిషికింత అని ఫిక్స్ చేసుకుంటారు. దీంతోపాటు రీప్లేస్‌మెంట్ అని ఒక షరతు ఉంటుంది, 60 లేదా 90 రోజుల్లో మానేస్తే ఉచితంగా ఇంకొకరిని ఇవ్వాలి. డబ్బు వెనక్కి ఇస్తామని మాత్రం రాసివ్వకండి, రీప్లేస్‌మెంట్ ఒక్కటే. ఈ షరతులన్నీ సంతకమైన అగ్రిమెంట్‌లో ఉండాలి, వాట్సాప్‌లో 'ఓకే' అంటే కుదరదు. ఒకాయన నా ఆరుగురిని తీసుకుని, వాళ్ళు మాకు ముందే తెలుసని బిల్లు ఎగ్గొట్టాడు. అప్పటినుంచి ప్రతి రెజ్యూమ్ మెయిల్‌లోనే పంపుతున్నాను, తేదీతో సహా సాక్ష్యం ఉంటుందని.

ఉద్యమ్ (చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు) రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో ఉచితం, ముందు అది చేసుకోండి. ఏడాదికి 20 లక్షల టర్నోవర్ దాటితే జీఎస్టీ తప్పదు, ఈ సేవకు 18 శాతం. మొదటి ఆర్నెల్లు చేతిలో డబ్బు పెట్టుకుని దిగండి. మనిషి చేరాక బిల్లు, బిల్లు పెట్టాక నెలా నెలన్నర, మధ్యలో అద్దె ఆగదు కదా.

కడప, రాయచోటి వైపు నుంచి కువైట్‌కు పంపమని అడిగేవాళ్ళు మీ దగ్గరికీ వస్తారు. ఆ జోలికి పోవద్దు. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద విదేశాంగ శాఖ లైసెన్సు ఉన్న ఏజెన్సీకే ఆ హక్కు, వాళ్ళు కూడా మనిషి దగ్గర 30,000, దానిమీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. లైసెన్సు ఉన్నవాడికి సబ్ ఏజెంట్‌గా ఉంటే పర్వాలేదని ఎవరైనా చెప్తే నమ్మకండి, అది కూడా నేరమే. అడిగినవాళ్ళకు ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్‌లో ఏజెన్సీ పేరు ఉందో లేదో చూపించి పంపండి.

చేరాక మూడు ఫోన్లు

ఏడో రోజు, ముప్పయ్యో రోజు, ఎనభయ్యో రోజు. ముప్పయ్యో రోజు జీతం స్లిప్ అడిగి మనం రాయించిన లెక్కతో సరిపోయిందో లేదో చూడాలి. ఎనభయ్యో రోజుది మన 90 రోజుల రీప్లేస్‌మెంట్ గడువు కోసం. ఏడో రోజుదే ముఖ్యం. 'ఉద్యోగం ఎలా ఉంది' అని అడిగితే అందరూ 'బాగుందన్నా' అంటారు. మధ్యాహ్నం ఏం తిన్నావని అడగండి. ఆ బెంగళూరు సాంబారులో బెల్లం వేస్తారు, సంగటీ ఊరిమిండీ తిన్న నోటికి అది నాలుగు రోజులు కూడా పోదు. ఒకసారి ముగ్గురు ఒకే వారంలో వెళ్ళిపోతామంటే, అక్కడ మన కడప వాళ్ళు నడిపే మెస్ ఒకటి వెతికి నంబర్ పంపించాను. ఇద్దరు ఇంకా అక్కడే ఉన్నారు.